కల్లు సీసాలో నిద్రగోలి

పొద్దు గూకింది. మాక్లూర్ మండలంలో ఒక ఊరు. ఒక ఇంటి అరుగు మీద కోడలు కూర్చొని బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట ఉంది. చాటలో తునికాకు ఉంది, తంబాకు ఉంది. లోపల మంచం మీద అత్త పడుకుని ఉంది. పడుకుంది గాని నిద్ర లేదు. చేతులు వణుకుతున్నాయి. ఒళ్లంతా చెమట పట్టింది.

"ఏమైందత్తా? జ్వరమొచ్చిందా?" అని కోడలు అడిగింది.

"జ్వరం గాదు బిడ్డా. దుకాణం బందై రెండొద్దులాయె. కల్లు లేక పానం గుంజుతున్నది. ఆ మూలకు ఎవరో నిలబడ్డట్టు అగుపిస్తున్నది."

కోడలు మూలకు చూసింది. అక్కడ ఎవరూ లేరు. గోడకు ఆనించిన చాప ఒక్కటే ఉంది.

కోడలికి భయం వేసింది. దయ్యం పట్టిందేమో అని పక్కింటామె అంది. కోడలు మాత్రం ఇంకొకటి ఆలోచించింది. కల్లు చెట్టు నుంచి వచ్చేదే కదా! రెండు రోజులు తాగకపోతే మనిషి ఇట్లా ఎందుకు అవుతుంది?

ఇది మంచి ప్రశ్న. ఈ పాఠం అంతా ఈ ప్రశ్నకు జవాబే. ఈ అత్తాకోడళ్లు అనుకున్న మనుషులే. కాని నిజామాబాద్ జిల్లాలో ఇలాంటి రాత్రులు చాలా ఇళ్లలో నిజంగా గడిచాయి.

అసలు కల్లు అంటే ఏమిటి?

ఈత చెట్టుకు, తాటి చెట్టుకు గీత పెడతారు. అక్కడి నుంచి తియ్యటి నీరు కారుతుంది. అప్పుడే దింపిన ఆ నీరే నీరా. అందులో మత్తు ఉండదు. కొన్ని గంటలు గడిస్తే అది పులుస్తుంది. గాలిలో ఉండే ఈస్టు అనే సూక్ష్మజీవి నీరాలోని చక్కెరను తింటుంది. చక్కెర సారాయి అవుతుంది. అదే కల్లు. మరునాటికి కల్లు బాగా పుల్లగా మారుతుంది. అప్పుడు ఎవరూ తాగరు.

అంటే అసలైన కల్లును నిలువ చేయడం కష్టం. పొద్దున దింపింది ఆ రోజే అమ్ముడుపోవాలి. అందులో మత్తు కూడా తక్కువే. అలాగని అది మంచిదని కాదు. సారాయి ఏ రూపంలో ఉన్నా రోజూ తాగితే కాలేయం చెడుతుంది, చేతిలో డబ్బు పోతుంది.

అయితే అసలైన కల్లు రెండు రోజులు దొరకకపోతే సాధారణంగా మనిషికి మూలన మనుషులు కనిపించరు. మరి అత్తకు ఎందుకు కనిపించారు? ఆమె తాగింది ఒట్టి కల్లు కాదు కాబట్టి.

కల్లులో మందు ఎందుకు కలుపుతారు?

ఒక చెట్టు రోజుకు ఇచ్చే కల్లు కొద్దిగానే ఉంటుంది. ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఇవ్వదు కూడా. ఊళ్లు పెరిగాయి. తాగేవారు పెరిగారు. చెట్లు మాత్రం తగ్గాయి. పొలాలు చదును చేసేటప్పుడు ఈతవనాలు కొట్టేశారు.

చెట్టు ఇచ్చేది పది సీసాలు. అడిగేవారు వంద మంది. అప్పుడు ఆశపోతు వ్యాపారి ఏం చేస్తాడు? కల్లులో నీళ్లు పోస్తాడు. తీపి కోసం శాకరిన్ వేస్తాడు. నీళ్లు కలిపితే మత్తు తగ్గుతుంది. ఆ మత్తు కోసం మందు కలుపుతాడు.

ఇంకొక కారణం కూడా ఉంది. ఈ ప్రాంతంలో కొన్ని ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలు కల్లు అమ్మకానికి వేలం పెడతాయి. ఎక్కువ పాట పాడిన వాడికి దుకాణం. లక్షలు పోసి పాట పాడిన వాడు ఆ లక్షలు తిరిగి రాబట్టుకోవాలని చూస్తాడు. ఆ డబ్బు ఎవరి నుంచి రావాలి? తాగేవారి నుంచే. మందు అలవాటైన మనిషి రోజూ తప్పకుండా వస్తాడు. అప్పు చేసి అయినా వస్తాడు.

ఇక్కడ ఒక మాట మరిచిపోకూడదు. చెట్టెక్కి కల్లు గీసే కార్మికుడు ప్రాణానికి తెగించి బతుకుతాడు. చెట్టు మీద నుంచి పడి నడుములు విరిగినవారు ఎందరో. కల్తీ వల్ల నిజాయితీగా గీసే వారి బతుకు కూడా చెడుతోంది. తప్పు గీతది కాదు. తప్పు కల్తీది.

ఏ మందులు కలుపుతారు?

ముఖ్యంగా మూడు మందుల పేర్లు వినిపిస్తాయి.

మొదటిది క్లోరల్ హైడ్రేట్. దీన్ని జర్మనీ దేశంలో 1832లో తయారు చేశారు. 1869 నుంచి నిద్ర కోసం వాడారు. ఇప్పుడు డాక్టర్లు దీన్ని చాలా అరుదుగా వాడుతున్నారు.

రెండవది డైజిపామ్. ఊళ్లలో దీన్ని డైజోఫాం అంటారు. ఇది 1963లో అమెరికా బజారులోకి వచ్చింది.

మూడవది అల్ప్రాజోలం. 1981లో అమెరికాలో దీనికి అనుమతి దొరికింది. మితిమీరిన భయం, కంగారు ఉన్న రోగులకు కొద్ది రోజులు వాడటానికి తయారు చేసిన మందు ఇది.

ఈ మూడూ మందులే. విషం కోసం పుట్టినవి కావు. డాక్టరు చేతిలో కొలత ప్రకారం ఇస్తే పనికి వస్తాయి. కల్లు డ్రమ్ములో పడితే ప్రాణం తీస్తాయి. ఎందుకో ఒక చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది.

ఒక గ్రాము అంటే 1000 మిల్లీగ్రాములు. అల్ప్రాజోలం చిన్న గోలిలో ఉండే మందు పావు మిల్లీగ్రాము. అంటే ఒక్క గ్రాము పొడిలో 4000 గోలీల మందు ఉంటుంది. చిటికెడు పొడి! అది ఊరంతటినీ నిద్రపుచ్చగలదు.

క్లోరల్ హైడ్రేట్ అయితే ఒక మనిషికే అర గ్రాము, గ్రాము కావాలి. దాన్ని సంచుల కొద్దీ తేవాలి. దాచడం కష్టం. అల్ప్రాజోలం జేబులో పడుతుంది. అందుకే కల్తీ చేసేవారు దాని వైపు మళ్లారు.

డ్రమ్ములో పొడి వేసి కట్టెతో తిప్పుతారు. త్రాసు ఉండదు. కొలత ఉండదు. పొడి అంతటా సమానంగా కలవదు. ఒక సీసాలో తక్కువ పడుతుంది. ఇంకొక సీసాలో పది రెట్లు పడుతుంది. ఒకే దుకాణంలో, ఒకే రోజు, ఒకరికి ఏమీ కాదు. పక్కన కూర్చున్న మనిషి స్పృహ తప్పి పడిపోతాడు. అందుకే "నేను రోజూ తాగుతున్న, నాకేం కాలే" అనే మాటను నమ్మడానికి లేదు.

ఈ మందు ఒంట్లో ఏం చేస్తుంది?

మెదడును జత ఎద్దుల బండి అనుకుంటే సులువుగా అర్థం అవుతుంది. ఎద్దులు పరుగెత్తుతాయి. పగ్గం వాటిని ఆపుతుంది. మెదడులో కూడా పరుగు పెట్టించే శక్తి ఉంది, పగ్గం పట్టే శక్తి ఉంది. రెండూ సరిగా ఉంటే మనిషి నెమ్మదిగా ఉంటాడు. రాత్రి నిద్ర పడుతుంది.

నిద్రగోలి పగ్గాన్ని గట్టిగా లాగుతుంది. ఎద్దులు నెమ్మదిస్తాయి. భయం తగ్గుతుంది. కన్ను మూతపడుతుంది. మొదట్లో హాయిగా ఉంటుంది.

రోజూ బయటి చెయ్యే పగ్గం లాగితే ఏమవుతుంది? మెదడు తన పగ్గం తాను పట్టడం మరిచిపోతుంది. కొన్ని వారాలకు అదే గోలి చాలదు. ఒక సీసా తాగే మనిషికి రెండు కావాలి. రెండు తాగే మనిషికి మూడు కావాలి.

ఒక రోజు ఆ బయటి చెయ్యి ఒక్కసారిగా వదిలేస్తుంది. దుకాణం బందు అవుతుంది. అప్పుడు పగ్గం పట్టేవారు లేరు. ఎద్దులు బెదిరి పరుగు తీస్తాయి. బండి బోల్తా పడుతుంది.

ఒంట్లో అదే జరుగుతుంది. చేతులు వణుకుతాయి. చెమటలు పోస్తాయి. గుండె దడ పుడుతుంది. నిద్ర రాదు. లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. ఎక్కడ ఉన్నదీ తెలియదు. కొందరికి ఫిట్స్ వస్తాయి. ఆ సమయంలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

అత్తకు పట్టింది దయ్యం కాదు. కల్లులో తాగిన మందు ఒక్కసారిగా ఆగిపోయింది. అంతే.

2015లో ఏం జరిగింది?

2015 సెప్టెంబరులో తెలంగాణలో ఎక్సైజు అధికారులు కల్తీ కల్లు మీద దాడులు పెంచారు. కల్తీ చేసేవారు భయపడ్డారు. చాలాచోట్ల మందు కలపడం ఒక్కసారిగా ఆగింది, లేదా తగ్గింది.

ఇది మంచి పనే కదా! అవును. కాని ఆ తర్వాత జరిగింది ఎవరూ అనుకోలేదు. రెండు మూడు రోజుల్లో నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లలో జనం పిచ్చెత్తినట్టు ప్రవర్తించారు. కొందరు బట్టలు చింపుకున్నారు. కొందరు రోడ్ల మీద పరుగెత్తారు. ఎందరికో ఫిట్స్ వచ్చాయి. నిజామాబాద్ ప్రభుత్వ దవాఖానా రోగులతో నిండింది. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు కూడా రోగులు వరుస కట్టారు. ప్రాణాలు పోయిన వార్తలు కూడా వచ్చాయి.

వారిలో ఆడవారు ఉన్నారు, మగవారు ఉన్నారు. కూలి పని చేసేవారు ఎక్కువ. వారు ఏ నిద్రగోలీ కొనలేదు. ఏ డాక్టరూ వారికి చీటీ రాయలేదు. అయినా ఏళ్ల తరబడి వారు మందు తిన్నారు. తింటున్నామని వారికే తెలియదు.

2015 నేర్పిన పాఠం రెండు ముక్కల్లో ఉంది. కల్తీని ఆపాలి. ఆపేటప్పుడు దవాఖానాలను ముందే సిద్ధం చేయాలి. ఒక్క ముక్క చేసి రెండో ముక్క వదిలేస్తే పేదవారి ప్రాణం మీదికి వస్తుంది.

కల్తీ అక్కడితో ఆగలేదు. 2025 ఏప్రిల్‌లో పక్కనే ఉన్న కామారెడ్డి జిల్లా, నసురుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్లు తాగినవారు పదుల సంఖ్యలో జబ్బు పడ్డారు. వారిని బాన్సువాడ దవాఖానాకు తెచ్చారు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు.

అదే గోలి మందుల షాపులో

కల్లు ముట్టని ఆడవారు చాలామంది ఉన్నారు. వారికి ఈ ముప్పు లేదా? ఉంది. అది ఇంకొక దారిలో వస్తుంది.

ఈ ప్రాంతంలో ఆడవారికి కష్టాలు తక్కువ లేవు. పొద్దంతా వంగి కూర్చొని బీడీలు చుట్టాలి. తంబాకు వాసనకు దగ్గు వస్తుంది, తల తిరుగుతుంది. కొందరి ఇంటాయన దుబాయి పోయి ఏళ్లు అవుతుంది. ఫోను రాకపోతే ఒక దిగులు. వస్తే అప్పుల మాట. రాత్రి కన్ను మూతపడదు.

ఆమె ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరికి పోతుంది. "నిద్ర పడ్తలేదు, గుండె దడదడ అంటున్నది" అని చెబుతుంది. ఆయన ఒక సూది వేస్తాడు. పది గోలీలు చేతిలో పెడతాడు. పేరు చెప్పడు. ఎన్ని రోజులు వేసుకోవాలో చెప్పడు. ఆ రాత్రి హాయిగా నిద్ర పడుతుంది. గోలీలు అయిపోగానే మళ్లీ నిద్ర రాదు. ఆమె ఖాళీ పట్టీ తీసుకొని మందుల షాపుకు పోతుంది. "ఇవే గోలీలు ఇయ్యి తమ్మీ" అంటుంది. అతడు ఇస్తాడు. ఆరు నెలలు గడుస్తాయి. ఆమె కూడా అత్త దారిలోనే ఉంది. తేడా ఒక్కటే. అత్తది సీసా, ఈమెది పట్టీ.

ఇది తెలంగాణలోనే ఉన్న జబ్బు కాదు. ఇంగ్లండు దేశంలో కూడా ఒకప్పుడు ఇంటి పనితో అలసిన ఆడవారికి డాక్టర్లు ఈ గోలీలు విచ్చలవిడిగా రాశారు. లక్షల మంది అలవాటు పడ్డారు. చివరకు 1988లో అక్కడి మందుల భద్రత కమిటీ డాక్టర్లకు ఒక మాట చెప్పింది. ఈ గోలీలు 2 నుంచి 4 వారాలకు మించి రాయవద్దు అని. 2020లో అమెరికా ప్రభుత్వం కూడా ఈ గోలీల డబ్బా మీద పెద్ద హెచ్చరిక పెట్టించింది.

నిద్రగోలి వేరు, దిగులు మందు వేరు

చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. రెండూ ఒకటి కావు.

నిద్రగోలి గంటలోపు పని చేస్తుంది. కాని దిగులు జబ్బును నయం చేయదు. రోజూ వేసుకుంటే అలవాటు అవుతుంది.

దిగులు జబ్బుకు మందులు వేరే ఉన్నాయి. అవి వెంటనే పని చేయవు. గుణం కనిపించడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. గుణం వచ్చిన తర్వాత కూడా కొన్ని నెలలు వాడాలి. వీటికి కల్లులాగా అలవాటు పడరు. అయినా ఒక్కసారిగా మానితే తల తిరగడం, చిరాకు, నిద్ర చెడడం ఉంటాయి. చిన్న వయసు వారికి మొదలుపెట్టిన కొత్తలో చావు ఆలోచనలు పెరగవచ్చు. కాబట్టి ఇంట్లోవారు కనిపెట్టుకొని ఉండాలి. ఏదైనా తేడా కనిపిస్తే డాక్టరుకు వెంటనే చెప్పాలి.

నిజంగా దిగులు జబ్బు ఉన్న మనిషికి ఈ మందులు ప్రాణం నిలబెడతాయి. వాటికి భయపడనక్కర లేదు. సిగ్గు పడనక్కర లేదు. భయపడాల్సింది నిర్లక్ష్యంగా రాసే చీటీకి.

నిర్లక్ష్యం అంటే ఏమిటి? రోగి మాట వినకుండా రెండు నిమిషాల్లో మందు రాయడం. రక్తం తక్కువైనా ఒళ్లు అలిసిపోతుంది, గుండె దడ వస్తుంది. థైరాయిడ్ జబ్బు ఉన్నా నిద్ర చెడుతుంది, దిగులు వస్తుంది. అది చూడకుండా మనసు జబ్బని గోలి ఇస్తే అసలు జబ్బు లోపలే ఉంటుంది. ఇంట్లో మగవాడు కొడుతుంటే వచ్చిన దుఃఖానికి గోలి ఒక్కటే మందు కాదు. ఆ దెబ్బలు ఆగాలి.

బజారులో ఇంకొక రకం గోలీలు కూడా ఉన్నాయి. ఒకే గోలిలో దిగులు మందు, నిద్రమందు రెండూ కలిపి ఉంటాయి. వేసుకునే మనిషికి తాను నిద్రమందు తింటున్నానని తెలియదు. అందుకే గోలిలో ఏమేమి ఉన్నాయో అడగాలి.

అక్షరం చేతిలో ఉంటే

మందుల పట్టీ మీద రాతలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. అయినా కొన్ని గుర్తులు పట్టుకోవచ్చు.

పట్టీ మీద ఎర్ర గీత ఉందా? ఎర్ర గీతల డబ్బాలో హెచ్చరిక ఉందా? ఎర్ర రంగులో ‘ఆర్‌ఎక్స్’ లేదా ‘ఎన్‌ఆర్‌ఎక్స్’ అనే గుర్తు ఉందా? ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. అందులో ‘ఎన్’ అక్షరం ఉంటే మత్తు మందుల చట్టం కిందికి వచ్చేదని అర్థం.

అల్ప్రాజోలం, డైజిపామ్ ‘హెచ్1’ అనే జాబితాలో ఉన్నాయి. ఈ జాబితా 2014 మార్చి 1 నుంచి అమలులో ఉంది. ఈ జాబితాలోని మందు అమ్మితే షాపువాడు ఒక పుస్తకంలో రాయాలి. ఏ డాక్టరు రాశాడు, ఏ రోగికి ఇచ్చాడు, ఎన్ని ఇచ్చాడు - అన్నీ రాయాలి. ఆ పుస్తకాన్ని మూడేళ్లు దాచాలి.

1985లో వచ్చిన మత్తు మందుల చట్టం ఇంకా గట్టిది. చట్టానికి విరుద్ధంగా 100 గ్రాములకు మించి అల్ప్రాజోలం దగ్గర పెట్టుకున్నట్టు రుజువైతే కనీసం 10 ఏళ్లు కఠిన జైలు శిక్ష.

డాక్టరును ఈ ప్రశ్నలు అడగవచ్చు. అడగడం తప్పు కాదు.

1. ఇది ఏ జబ్బుకు? పేరు ఏమిటి?
2. ఇందులో నిద్రమందు ఉందా?
3. ఎన్ని రోజులు వేసుకోవాలి?
4. మానేటప్పుడు ఎట్లా మానాలి?
5. మళ్లీ ఎప్పుడు రావాలి?

డాక్టరు చీటీని పారేయకూడదు. ఇంట్లో ఒక సంచిలో దాచాలి. ఇంకొక డాక్టరు దగ్గరికి పోయినప్పుడు చూపాలి. కల్లు తాగే అలవాటు ఉంటే దాచకుండా చెప్పాలి. కల్లు, నిద్రగోలి రెండూ కలిస్తే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది.

మానాలంటే ఎట్లా?

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. ఏళ్ల తరబడి మందు కల్లు తాగిన మనిషి ఒక్కరోజులో మానకూడదు. రోజూ నిద్రగోలి వేసుకున్న మనిషి కూడా ఒక్కరోజులో మానకూడదు. "రేపటి సంది ముట్టను" అని ఒట్టు పెట్టుకోవడం మంచి మనసే. కాని డాక్టరు తోడు లేకుండా చేస్తే ప్రమాదం.

లోతు బావిలోకి ఎవరూ దూకరు. మెట్టు మెట్టు దిగుతారు. ఇదీ అంతే. డాక్టరు అలాంటి మందునే కొలత ప్రకారం ఇస్తాడు. వారం వారం తగ్గిస్తాడు. కొన్ని వారాల్లో, ఒక్కోసారి కొన్ని నెలల్లో మెదడు మళ్లీ తన పగ్గం తాను పట్టడం నేర్చుకుంటుంది. బలానికి బి1 విటమిన్ ఇస్తారు. ఫిట్స్ భయం ఉంటే దవాఖానాలో ఉంచుకుంటారు.

ఫిట్స్ వస్తే ఏం చేయాలి?

మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చుట్టూ ఉన్న రాళ్లు, సామాన్లు తీసేయాలి. నోట్లో చెంచా గాని, బట్ట గాని పెట్టకూడదు. నీళ్లు పోయకూడదు. చేతిలో తాళంచెవి పెడితే ఫిట్స్ ఆగవు. కాళ్లు చేతులు అదిమి పట్టకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి.

కల్లు తాగి స్పృహ లేకుండా పడి ఉంటే, గురక వింతగా వస్తుంటే, పెదవులు నీలి రంగు తిరిగితే కూడా 108 పిలవాలి. "మత్తు దిగితే లేస్తాడులే" అని వదిలేయకూడదు. చింతపండు నీళ్లు, మజ్జిగ పోయకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

దిగులు, నిద్రలేమి, చావు ఆలోచనలు ఉంటే 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. దాని పేరు టెలి మానస్. 2022 అక్టోబరు 10న మొదలైంది. పగలు, రాత్రి ఎప్పుడైనా తెలుగులో మాట్లాడవచ్చు. డబ్బు పడదు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మనసు జబ్బుకు ప్రభుత్వ వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు.

ఎవరు మరీ జాగ్రత్తగా ఉండాలి?

గర్భిణులు: తల్లి తాగిన మందు కడుపులో బిడ్డకు చేరుతుంది. పుట్టిన బిడ్డ మందంగా ఉంటుంది, పాలు సరిగా తాగదు. వణుకు కూడా రావచ్చు. అయితే గర్భిణి కూడా ఒక్కసారిగా మానకూడదు. దవాఖానాలో చెప్పి మానాలి.

పసిపిల్లలు: పిల్ల ఏడవకుండా పడుకుంటే బీడీలు ఎక్కువ చుట్టవచ్చని కొందరు గుక్కెడు కల్లు పడతారు. ఆ గుక్కెడులో ఎంత మందు ఉందో ఎవరికి తెలుసు? పసి ఊపిరి ఆగిపోవచ్చు. చుక్క కూడా పట్టకూడదు.

ముసలివారు: రాత్రి మత్తులో లేచి పడతారు. తుంటి ఎముక విరుగుతుంది. మతిమరుపు పెరుగుతుంది.

ట్రాక్టరు, మోటారు సైకిలు నడిపేవారు: మత్తు వదిలిందనుకుంటారు. మరునాడు పొద్దున కూడా ఒంట్లో మందు మిగిలి ఉంటుంది.

ఊరు ఏం చేయవచ్చు?

1991 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవారు రాత్రి బడికి వెళ్లి చదువు నేర్చుకున్నారు. సారా గురించి చదివారు. మాట్లాడుకున్నారు. ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ మంట రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించారు. వారి చేతిలో కత్తి లేదు. అక్షరం ఉంది, ఐకమత్యం ఉంది.

మాక్లూర్ ప్రాంతం ఆడవారు కూడా కొన్ని పనులు చేయవచ్చు. కల్లు వేలం పాట డబ్బు దేనికి ఖర్చవుతోందో గ్రామసభలో అడగవచ్చు. కల్లును పరీక్షకు పంపమని ఎక్సైజు అధికారులకు కాగితం రాసి ఇవ్వవచ్చు. సంఘంలో అందరూ సంతకాలు పెడితే ఆ కాగితానికి బలం వస్తుంది. దుకాణం బందు చేసేముందు ఊళ్లో వైద్య శిబిరం పెట్టమని ఆరోగ్య కేంద్రాన్ని అడగవచ్చు. ఈత చెట్లు నాటమని పంచాయతీని అడగవచ్చు. చెట్లు పెరిగితే గీత కార్మికుడికి పని ఉంటుంది, మందు కలిపే సాకు ఉండదు.

అత్త సంగతి

తెల్లవారింది. కోడలు చాట పక్కన పెట్టింది. ఆ రోజు బీడీల కూలి పోయినా సరే అనుకుంది. ఆశా వర్కరును పిలుచుకు వచ్చింది. ముగ్గురూ కలిసి నిజామాబాద్ ప్రభుత్వ దవాఖానాకు పోయారు.

"ఎన్నేళ్ల సంది తాగుతున్నవమ్మా?" అని డాక్టరు అడిగింది.

అత్త కోడలి వైపు చూసింది. సిగ్గుపడింది.

"చెప్పత్తా. దాస్తే మందు సరిగ పడదు" అని కోడలు అంది.

"ఇరవై ఏండ్లాయె డాక్టరమ్మా. ఒళ్లు నొప్పులకని మొదలుపెట్టిన. గండ్ల మందున్నదని నాకేం ఎరుక?"

డాక్టరు ఆమెను వారం రోజులు దవాఖానాలో ఉంచుకుంది. తర్వాత గోలీలు ఇచ్చి ఇంటికి పంపింది. ఏ వారం ఎన్ని తగ్గించాలో చీటీ మీద తెలుగులో రాయించింది. అత్తకు చదువు రాదు. కోడలికి వచ్చు. రోజూ రాత్రి కోడలు చీటీ చదివి గోలి లెక్కపెట్టి ఇస్తుంది.

అత్తకు ఇంకా కొన్ని రాత్రులు నిద్ర సరిగా పట్టదు. దుకాణం ముందు నుంచి పోతే మనసు లాగుతుంది. కాని మూలన ఇప్పుడు ఎవరూ నిలబడటం లేదు. అక్కడ చాప ఒక్కటే కనిపిస్తోంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. ఒక గ్రాము అల్ప్రాజోలంలో ఎన్ని చిన్న గోలీల మందు ఉంటుంది?
2. మందు కల్లు ఒక్కసారిగా ఎందుకు మానకూడదు?
3. నిద్రగోలికి, దిగులు మందుకు తేడా ఏమిటి?
4. ఇంట్లో ఉన్న మందుల పట్టీలు తీసి చూడండి. ఎర్ర గీత ఎన్నిటి మీద ఉంది?
5. మీ ఊళ్లో కల్లు దుకాణం పాట ఎంతకు పోయింది? ఆ డబ్బు ఎక్కడికి పోయింది? ఎవరిని అడగాలి?